ఏడ్చి ఇచ్చిన ఆకు

మా ఆయన జగన్నాధానికి దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ, గుప్పిట మూసుకోవడం మాత్రం నేర్పలేదు. కోత పండుగకి ఊళ్ళో విశ్వాసులంతా చర్చికి గుమ్మడికాయలు పట్టుకొస్తే, ఈయన విత్తనానికని నేను అటక మీద దాచిన కాయే దించి పట్టుకుపోతాడు. ఇదేటి మావా అంటే, "దేవుడికి నాసి కాయ ఇస్తామేటే?" అంటాడు. ఆ తరవాత పక్క ఏడు పాదు పెట్టుకోవడానికి గింజల కోసం ఊరంతా తిరిగేది నేను. ఆయన కాదు.

నేను ఇవ్వనిదాన్ని కాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఈ కథ విని నన్ను పిసినారి కింద జమకట్టేస్తారు. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వెయ్యకుండా నా చేత్తో ఎసరు పెట్టిన రోజు లేదు. చర్చిలో ఎవరింట పురుడైనా, చావైనా ఈ చూడామణి గిన్నె ముందు వెళ్తుంది. కాకపోతే ఇచ్చేముందు మన ఇంట్లోకి ఒకసారి తొంగి చూసుకోవాలంటాను. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని పెద్దలు ఊరికే అన్నారా?

మా ఊరు శ్రీముఖలింగానికి దిగువన, వంశధార ఒడ్డున ఉంటుంది. ఏటి పక్క పల్లంలో మాకో పొలం చెక్క ఉంది. దాని గట్టుకి ఆ పక్కది లక్ష్మణమ్మది. మంచి భూములు. బురద వెన్నలాగ ఉంటుంది. కానీ పైన ఒరిస్సాలో గట్టిగా వాన కురిసిందంటే ఆ వెన్నంతా ఏరు ఎత్తుకుపోతుంది. ఆ ఏడు అదే జరిగింది. ఉభాలై, అంటే నాట్లు పడి, మొక్క పచ్చబడి నిలదొక్కుకున్నాక ఏరు పొంగింది. నీళ్ళు తీసేటప్పటికి మా చెక్కలోనూ, లక్ష్మణమ్మ చెక్కలోనూ కుళ్ళిన గడ్డి తప్ప ఏమీ లేదు. కొట్టుకొచ్చిన దుంగలూ, ప్లాస్టిక్ సీసాలూ మిగిలాయి.

అప్పుడు నేను మా ఆయన చేసిన ఒక పిచ్చిపనికి దేవుడికి స్తోత్రం చెప్పాను. ఆయన ముందే ఎత్తు మీద నూతి పక్కన ఇంకో ఆకుమడి పోసి ఉంచాడు. బయటివాళ్ళు నారు అంటారు, మేం ఆకు అంటాం. విత్తనాలు దండగ చేస్తున్నావని ఆరోజు నేను తిట్టిన తిట్లకి లోటు లేదు. ఇప్పుడా ఆకు చిలకపచ్చగా, జానెడెత్తు లేచి, గాలికి తల ఊపుతోంది. చూడగానే తెలిసిపోయింది. మా చెక్కకి సరిపోతుంది. మళ్ళీ ఉభాలు చేసుకోవచ్చు, ఏడాది తిండికి ఢోకా లేదు. తిట్టిన నోటితోనే ఆరోజు ఆయనకి పీతల కూర వండి పెట్టాను.

ఆదివారం ఆరాధనలో మా పాస్టరు అప్పలనరసింహంగారు వరదలో పంట పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేశారు. బాప్తిస్మం పొందినా తాత పెట్టిన పేరు మార్చుకోని మనిషాయన. సింహాచలం అప్పన్న పేరుతో సువార్త చెప్పడం ఈ ప్రపంచంలో ఒక్క మా అయ్యగారికే చెల్లింది. ప్రార్థనయ్యాక సాక్ష్యాలు ఎవరైనా చెప్తారా అన్నారు. మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన లేచి నిలబడ్డప్పుడల్లా మా ఇంట్లోంచి ఏదో ఒకటి వెళ్ళిపోతుంది.

"అయ్యగారూ, దేవుడు మా ఆకుమడి కాపాడినాడు," అన్నాడు. "అందులో సగం లచ్చనమ్మప్పకి ఇస్తాను. మిగిలినోళ్ళకి సుట్టాలిత్తన్నారు. ఆవిడికి ఎవురూ నేరు. నరసన్నపేటలో తమ్ముడికి ఫోను సేస్తే ఆడిదీ ములిగిపోనాదట."

అందరూ హల్లెలూయ అన్నారు. నేను అనలేదు.

ఇంటికొచ్చేదాకా నోరు తెరవలేదు. గుమ్మం దాటాక తెరిచాను. "సగమిచ్చీసి మనమేటి నాటుకుంటావు మావా? గట్టు మీద తుంగా? పోనీ ఇచ్చేది మంచి మనిషికైనా కాదు. కిందటేడు వానల్లేనప్పుడు కాలవ నీళ్ళు మన వంతు నాడు తన మడికి తిప్పుకున్నది ఎవురు? మన పైరు పసుపు కొమ్ములాగైపోతే గట్టు మీద నిలబడి సూసింది ఎవురు? ఆవిడికా మన ఆకు?"

"ఆవిడే."

"మరి?"

"మరేటి లేదే. సర్చీలో నోరు జారీసినాను. నీకిష్టం నేకపోతే ఇవ్వను. నువ్వే సెప్పు."

చూశారా ఈ మగాడి తెలివి? నన్ను అడక్కుండా పదిమందిలో ఇచ్చేసి, ఇప్పుడు వద్దనే పని నా నెత్తిన పెట్టాడు. వద్దంటే ఊళ్ళో నా పేరు పోతుంది, ఇమ్మంటే మడిలో నా పంట పోతుంది. "ఇచ్చీ," అన్నాను. ఇచ్చీ అన్నాను గానీ ఆ మాటతోబాటు కడుపులో మంట కూడా పైకొచ్చింది.

మర్నాడు ఉదయం లక్ష్మణమ్మ, ఆవిడ కొడుకు త్రినాథ్ మా ఆకుమడి దగ్గరకొచ్చారు. లక్ష్మణమ్మ నాకంటే పెద్దది. మొగుడు పోయాక ఆ చెక్కని ఒంటి చేత్తో సాగు చేసుకొచ్చింది. మనిషి సన్నం, మాట లావు.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మేం ఆకు అమ్ముకోం. అవసరమైనవాళ్ళకి ఇస్తాం. ఇచ్చేటప్పుడు ఆ ఇంటి ఆడది మడిలోకి దిగి, మొదటి పిడికిలి తన చేత్తో తీసి, పుచ్చుకునే ఆడదాని చేతుల్లో నవ్వుతూ పెట్టాలి. ఆ తరవాత ఎవరు తీసుకున్నా ఫరవాలేదు. ఏడ్చి ఇచ్చిన ఆకు నాటుకోదని నమ్మకం. గుడికెళ్ళేవాళ్ళైనా, చర్చికెళ్ళేవాళ్ళైనా మడిలో దిగిన ప్రతి ఆడదీ ఆ మాట నమ్ముతుంది. నేనూ నమ్ముతాను. అయ్యగారికి చెప్పకండి.

నేను చీర ఎగదోపి మడిలోకి దిగాను. పిడికెడు ఆకు తీసి, వేళ్ళకున్న బురద నీళ్ళలో జాడించి, లక్ష్మణమ్మ ముందు చాచాను. ఆవిడ ఆకు వంక చూడలేదు. నా మొహం వంక చూసింది. చాలాసేపు చూసింది. తరవాత రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"నాకొద్దు," అంది.

"ఏటి?"

"నువ్వు ఏడిసి ఇస్తన్నావు సూడామణీ. ఇది నా మడిలో నాటుకోదు. పదరా తిన్నాదూ."

చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. ఆకు చివర్నుంచి బురదనీళ్ళు నా మోచేతి మీదికి కారుతున్నాయి. త్రినాథ్ "అమ్మా, అమ్మా" అంటూ వెనకాల పరిగెత్తాడు. మా ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు, ఆ గుడ్డ వెనకాల నవ్వుతున్నాడని నాకు తెలుసు.

ఒళ్ళు మండిపోయింది. ముష్టికొచ్చినమ్మకి ఇంత పొగరా అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే ఉంది నా రోగమంతా, కానీ అప్పుడు తెలీదు. నేరుగా అయ్యగారింటికి పోయి, "నేను ఇస్తానన్నాను, ఆవిడే వద్దంది, ఇంక నా బాధ్యత తీరిపోయింది కదా?" అని అడిగాను.

అయ్యగారు పెరట్లో బెండమొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. చెంబు పట్టుకునే ఆలోచించారు. "సణుగుతా ఇచ్చింది దేవుడు పుచ్చుకోడని నాను పుల్పిట్ మీంచి ఎన్నిమాట్లు సెప్పినానమ్మా?"

"శానాసార్లు."

"ఇన్నావా?"

"ఇన్నాను."

"లచ్చనమ్మ మన సర్చీకి రాదు. వాక్యం ఇన్నేదు. అయినా పుచ్చుకోనంది. మరి నువ్వే ఆలోచించుకో తల్లీ." మళ్ళీ బెండమొక్కల వైపు తిరిగిపోయారు. ఆయనతో వచ్చిన చిక్కే ఇది, అడిగినదానికి జవాబు చెప్పరు, అడగనిది చెప్తారు.

సరే, నవ్వాలి. అంతే కదా? నవ్వలేమా? అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకున్నాను. పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి పోయినట్టుంది. అయినా సాయంత్రం లక్ష్మణమ్మ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చింతపిక్కలు తీస్తోంది. "అప్పా, పొద్దున్న నాకు తలనొప్పిగా ఉండింది. రేపు రా, నవ్వుతూ ఇస్తాను," అని మొహమంతా నవ్వు పులుముకున్నాను.

ఆవిడ తలెత్తి చూసి, "పళ్ళు అవుపడతన్నాయి," అంది. "నవ్వు అవుపడ్డం నేదు." మళ్ళీ చింతపిక్కలు.

మర్నాడు మధ్యాహ్నం త్రినాథ్ ఒక్కడే మా ఇంటికొచ్చాడు. పెళ్ళీడు మగాడు, చిన్నపిల్లాడిలా గుమ్మం పట్టుకు నిలబడ్డాడు. "పిన్నీ, అమ్మ తొంగున్నాది. ఇప్పుడే ఆకు తీసుకుపోతాను. నరసన్నపేట మావ పంపినాడని సెప్పీస్తాను. అమ్మకి తెలీదు. నువ్వు నవ్వక్కల్లేదు, ఏటక్కల్లేదు. ఈ ఏడు పంట నేకపోతే మేం పనికి ఎటైనా ఎల్లిపోవాల, పిన్నీ."

నిజం చెప్తున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత సులువు! ఆకు పోతుంది, మా ఆయన మాట నిలబడుతుంది, నా మొహం ఎలా ఉందో ఎవరూ చూడరు. మా ఆయన కూడా తల ఊపి కావిడి వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నేనే ఎందుకో "ఆగండి" అన్నాను.

"ఎందుకే?" అన్నాడు మా ఆయన.

"పెద్దావిడ వద్దన్నది. వద్దన్నదాన్ని మోసం సేసి ఇంట్లో పడీస్తే అది ఇవ్వడం ఎలగవుతాది? మన బరువు దించుకోవడం అవుతాది." ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే అర్థమయింది. మొదటి రోజు నేను చెయ్యబోయింది కూడా అదే. ఇవ్వలేదు, దించుకోబోయాను. లక్ష్మణమ్మ నా బరువు పట్టుకోనంది. త్రినాథ్‌కి మజ్జిగిచ్చి పంపేశాను. వాడు వెళ్తుంటే వాలిపోయిన ఆ భుజాలు చూసి జాలేసింది. అయినా ఒక మనిషి మీద జాలి వేరు, ఆ మనిషి తల్లి మీద కోపం వేరు. రెండూ ఒక్క గుండెలోనే ఎలా కాపురం చేస్తాయో నాకు తెలీదు, చేస్తాయి.

ఆకు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ముదిరిపోతోంది. అడుగున పసుపు తిరుగుతోంది. ఇంక లాభం లేదని మా చెక్క దమ్ము పట్టించి, ఆడవాళ్ళని పిలిచి ఉభాలు మొదలుపెట్టాం. మా ఆయన సగం ఆకు అలాగే ఉంచాడు. "ఎవుల కోసం?" అంటే, "ఇస్తానన్నాను గదే," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆయన తిడితే బాగుండేది.

కట్టలు మోసుకుంటూ గట్టు మీదికొచ్చి పక్కకి చూశాను. లక్ష్మణమ్మ తన మడిలో ఉంది. మడి దమ్ము పట్టించి ఉంది. నీళ్ళు పెట్టి, బురద మెత్తగా చేసి, గట్ల మీద గడ్డి చెక్కి, సిద్ధంగా ఉంది. ఆవిడ మోకాలి లోతు బురదలో పలక లాగుతూ చదును చేస్తోంది. ఒక మూల ఎత్తుగా ఉందేమో, చేత్తో బురద తీసి పల్లంలోకి విసురుతోంది.

నాకేం అర్థం కాలేదు. "అప్పా!" అని కేకేశాను. "ఆకు దొరికిందేటి?"

"నేదు."

"మరి దమ్మెందుకు పట్టించినావు? ట్రాక్టరోడు ఊరకే వస్తాడా?"

ఆవిడ నడుం నిటారు చేసి, బురద చేత్తోనే నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుంది. "ఆకు నీ కాడ ఉన్నాది గదా," అంది.

"నువ్వొద్దన్నావు గదా!"

"ఆనాడు వద్దన్నాను. నువ్వెప్పుడో ఒకప్పుడు నవ్వుతావు. నవ్వీసరికి మడి తయారుగా ఉండొద్దేటి? అప్పుడు దమ్ము పట్టిద్దునా?"

నేను నెత్తి మీది కట్టలు సర్దుకున్నాను.

"నీల్లు తిప్పుకున్నాను సూడామణీ," అంది ఆవిడే, మడిలోంచి. "నీ పైరు ఎండిపోతాదని తెలిసే తిప్పుకున్నాను. నాది బతికితే సాలనుకున్నాను. ఆ ఏడుపు నీ కడుపులో పెట్టింది నానే. అది నీకాడే ఉండగా నీ ఆకు నానెలగ తీసుకుంటాను? ఆ ఏడుపూ ఈ ఆకూ కలిసే వస్తాయి. నువ్వు సెడ్డదానివి కావు, తల్లీ. ఆ కోపం అరుగుతాదని సూస్తన్నాను."

చూస్తోందట! పంట పోయే కాలంలో, ఆకు ముదిరిపోతుంటే, చేతిలో ఒక్క మొక్క లేకుండా, ట్రాక్టరు పెట్టించి మడి సిద్ధం చేసుకుని, నా మొహంలో నవ్వు ఎప్పుడొస్తుందా అని చూస్తోందట ఈవిడ! నేను నా మీద పెట్టుకోని నమ్మకం నా మీద ఈవిడ పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా విశ్వాసం, విశ్వాసం అని చర్చిలో మొదటి వరసలో కూర్చునేది నేను. విశ్వాసంతో మడి దున్నించింది ఈవిడ.

ముందు ముక్కులోంచి వచ్చింది. తరవాత గొంతులోంచి. ఆపుకోలేకపోయాను. నెత్తి మీది కట్టలు జారి గట్టు మీద పడ్డాయి. కడుపు పట్టుకుని కూలబడి నవ్వాను. మా మడిలో నాట్లేస్తున్న ఆడవాళ్ళంతా నడుములెత్తి చూశారు, నాకేదో గాలి సోకిందనుకున్నారు.

"అదిగో!" అంది లక్ష్మణమ్మ. గబగబా బురదలో అడుగులేసుకుంటూ వచ్చి, గట్టు కింద నిలబడి, రెండు చేతులూ దోసిలి పట్టింది. "ఇయ్యి. ఇప్పుడియ్యి. ఆగిపోకముందే ఇయ్యి!"

పడ్డ కట్టలోంచి పిడికెడు లాగి ఆవిడ దోసిట్లో పెట్టాను. ఆవిడా నవ్వుతోంది. ఆ నీళ్ళు, ఆ ఎండిన పైరు, ఏడాదిగా నేను రోజూ నెమరేసిన ఆ కోపం అంతా ఉన్నట్టే ఉంది, కానీ దానికి కోరలు ఊడిపోయాయి. ఇవ్వడం ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో ఇచ్చి ఉండేదాన్ని. మా ఆయన ఈ రుచి మరిగే అటక మీది గుమ్మడికాయలన్నీ దించేస్తున్నాడన్నమాట.

మా చెక్కలోలాగే పలచగా నాటమని చెప్పి, ఆ పూటే మా ఆడవాళ్ళలో సగంమందిని ఆ మడిలోకి పంపేశాను. మా ఆయన, త్రినాథ్ కావిళ్ళతో ఆకు మోస్తున్నారు. త్రినాథ్ నడవడం లేదు, పరిగెడుతున్నాడు. ఆకు ముదిరింది కాబట్టి అడుగునున్నది కొంత పసుపై పనికిరాకుండా పోయింది. తీసిన కొద్దీ తరుగు తెలిసింది. ఎండ వాలేసరికి ఆకుమడి ఖాళీ. గట్టు మీద మిగిలినవి ఒక తట్టెడు కట్టలు. మా చెక్కలో ఏటి వైపు మూల ఇంకా బురదగానే ఉంది. లక్ష్మణమ్మ చెక్కలోనూ ఒక మూల బురదగానే ఉంది. కట్టలు ఏదో ఒకదానికే వస్తాయి.

మా ఆయన నా వైపు చూశాడు. ఈసారి తెలివికి కాదు, నిజంగానే నా మాట కోసం చూశాడు.

లక్ష్మణమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "సాలు, సాలు. అవి నీవే. పట్టుకుపో. నా మూలలో మినుములు సల్లుకుంటాను."

మినుములు చల్లుకోవలసి వస్తే నేనూ చల్లుకోగలను. ఆ మాట అనలేదు. తట్ట నెత్తికెత్తుకుని గట్టు దిగి ఆవిడ మడిలోకి పోయాను. ఒక్కొక్క కట్టా తీసి ఆ మూలలోకి విసిరాను. అవి బురదలో తప్ తప్‌మని పడుతుంటే వెనక్కి తిరిగి మా మూల వైపు చూసుకున్నాను. అది ఖాళీగా ఉంది. నా కడుపులో మంట ఎక్కడుందో వెతికాను. దొరకలేదు.

"ఏటే ఇది? ఏటి సేసినావే?" అంది లక్ష్మణమ్మ. నేను ఆవిడ వైపు తిరిగి నవ్వాను. ఈ నవ్వుకి అద్దం అక్కర్లేదు.

ఆవిడ మాత్రం నవ్వలేదు. ఇందాకటినుంచీ నవ్విన ఆ మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. కొంగు తీద్దామంటే చేతుల నిండా బురద. మొగుడు పోయిననాడు కూడా ఊళ్ళో ఎవరి ముందూ ఏడవని మనిషి, మడి మధ్యలో నిలబడి చిన్నపిల్లలా కన్నీళ్ళు కార్చేసింది.

"నాకు ఏడుపొచ్చేస్తన్నాది సూడామణీ," అంది భయంభయంగా. "నాను ఏడిస్తే నాటుకోదేటే?"

"ఇచ్చినోళ్ళు ఏడవకూడదప్పా," అన్నాను. "తీసుకున్నోళ్ళు ఎంతైనా ఏడవొచ్చు."

ఆవిడ ఏడుస్తూనే వంగి ఒక కట్ట విప్పింది. నేను ఆవిడ పక్కన వంగాను.